మీ ప్రశ్నలు: నాటకం నుంచి సినిమాకి ఏమేం వచ్చాయి?

పోయిన నెల రాయబారం పద్యాల గురించి నాలుగు మాటలు రాసి, నాటకానికీ సినిమాకీ ఉన్న చుట్టరికం మీద ఏం అడగాలనుకున్నా అడగండి అన్నాను. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కుప్పలుగా వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి కొన్ని, నేను రెండు మూడు రోజులు ఆలోచించాల్సి వచ్చినవి కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: మా రోజుల్లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చదువుకున్నాం. ఇప్పుడు మా మనవడు కాదు, 1932 ఫిబ్రవరి 6 అంటున్నాడు. ఏది నిజం? అసలు మొదటి సినిమాకి ప్రహ్లాదుడి కథే ఎందుకు ఎంచుకున్నారు?
– రిటైర్డ్ టీచర్, ఒంగోలు

జవాబు: మీ మనవడు చెప్పిందే కరెక్టు మాస్టారూ. చాలా ఏళ్లు అందరం సెప్టెంబర్ 15 అనే నమ్మాం, పుస్తకాల్లోనూ అదే అచ్చయింది. తర్వాత జర్నలిస్టు రెంటాల జయదేవ గారు ఓపిగ్గా పాత పత్రికలూ రికార్డులూ తిరగేసి, ఆ సినిమాకి సెన్సారు అయిందే 1932 జనవరిలో అని, విడుదల ఫిబ్రవరి 6న అని తేల్చారు. సెన్సారు కాని సినిమా నాలుగు నెలల ముందే హాల్లో ఎలా ఆడుతుంది? ఆ ఒక్క కాగితంతో పాత లెక్క పోయింది.

ఇక మీ రెండో ప్రశ్న. ప్రహ్లాదుడే ఎందుకంటే, అది అప్పటికే సిద్ధంగా ఉన్న నాటకం. బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు రాసింది, సురభి నాటక సమాజం వాళ్లు ఊరూరా ఆడుతున్నది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి గారు నటుల కోసం ఎక్కడా వెతుక్కోలేదు, నాటకాల వాళ్లనే బొంబాయి రప్పించారు. లీలావతి సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు.

ఆ రోజుల్లో షూటింగ్ ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. డబ్బింగ్ లేదు, ప్లేబ్యాక్ లేదు. కెమెరా తిరుగుతుండగానే నటించాలి, అదే ఊపిరిలో మాట్లాడాలి, అదే ఊపిరిలో పాడాలి, ఎక్కడ మాట తడబడినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అంతవరకూ తిరిగిన ఫిల్ము దండగ. ఈ మూడు పనులూ ఒకేసారి, తప్పు లేకుండా చేయగలిగినవాళ్లు దేశం మొత్తంలో ఒక్క నాటకాల వాళ్లే. ఏళ్ల తరబడి రాత్రుళ్లు అదే నాటకం ఆడిన మనిషిని నిద్రలో లేపి అడిగినా తన మాటా, ఎదుటివాడి మాటా రెండూ అప్పజెబుతాడు. డైలాగు కాగితం చేతికిచ్చి నేర్పే పని లేదు. నాటకాల మీద ప్రేమతోనే తీసుకున్నారని నేను అనుకోను, అవసరం అలాంటిది. నాటకం లేకపోతే మన టాకీ ఆ ఏడు పుట్టేదే కాదు.

హిందీలోనూ కథ ఇదే. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో మొదలైన 'ఆలం ఆరా' పార్సీ నాటకాలు రాసే జోసెఫ్ డేవిడ్ నాటకమే. ఆ సినిమా ప్రింటూ లేదు, మన 'ప్రహ్లాద' ప్రింటూ లేదు. కమలాబాయి గొంతు ఆ సినిమాలో ఎలా వినిపించిందో మనకి ఇక తెలిసే దారి లేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ప్రశ్న: యూట్యూబ్‌లో పాత సినిమాలు చూస్తుంటే అందరూ వరసగా నిలబడి మనవైపే తిరిగి మాట్లాడుతున్నారు. మా ఫ్రెండ్స్ "ఇది సినిమా కాదురా, ఫొటో తీసిన నాటకం" అని నవ్వుతున్నారు. నిజమేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: సగం నిజం తమ్ముడూ. స్టేజీ మీద ప్రేక్షకులకి వీపు చూపించకూడదని మొదటి రోజే నేర్పుతారు, ఎందుకంటే వీపు తిప్పితే మాట వెనక వరసకి చేరదు. అలా ఇరవై ఏళ్లు ఆడి వచ్చిన మనిషి కెమెరా ముందూ అలాగే నిలబడతాడు. అంతవరకూ మీ ఫ్రెండ్స్ మాట ఒప్పుకుంటాను.

మిగతా సగం మైకు. టాకీలు రాకముందే, మూకీల రోజుల్లోనే, కెమెరా పరిగెత్తడం, ఎగరడం, మొహం మీదకి దూసుకురావడం అన్నీ నేర్చేసుకుంది. ఎప్పుడైతే మాట వచ్చిందో దాని కాళ్లు కట్టేసినట్టయింది. మైకుకి దూరం జరిగితే మాట వినబడదు, కెమెరా దగ్గరికొస్తే దాని చప్పుడు మైకులో పడుతుంది. 'ఆలం ఆరా' తీసిన స్టూడియో పక్కనే రైలు పట్టాలుండేవి. పగలు తీస్తే రైళ్ల మోత, అందుకని అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిన ఆ కాసేపట్లో షూటింగ్ చేసేవాళ్లు. వాయిద్యాల వాళ్లు కెమెరాకి కనబడకుండా ఏ చెట్టు చాటునో, ఏ సెట్టు గోడ వెనకో కూర్చుని వాయించేవాళ్లు. అలాంటప్పుడు నటుడు అటూ ఇటూ తిరుగుతాడా? మైకు ఎక్కడ దాచారో అక్కడే గుంపుగా నిలబడతాడు. వాళ్లకి సినిమా తెలియక అలా నిలబడలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. "నాటకంలా ఉంది" అన్న మాటని మనం తిట్టుగా వాడేస్తున్నాం, అది నాకు చాలా బాధగా ఉంటుంది. సినిమాలో ట్రిక్కులు మొదట కనిపెట్టినవాళ్లలో పెద్దవాడు జార్జ్ మెలియెస్, పారిస్‌లో సొంత నాటకశాల నడిపిన ఇంద్రజాలికుడు. మనిషి మాయం కావడం, ఒకడే ఇద్దరుగా కనబడటం లాంటివి ప్రేక్షకుల్ని నోరు వెళ్లబెట్టించాలన్న స్టేజీ ఆశలోంచి వచ్చినవే. 1902లో ఆయన తీసిన చంద్రయాత్ర సినిమాలో వెనక ఉన్నవి రంగులేసిన తెరలే, మన నాటకాల తెరల్లాంటివే.

మన దగ్గర ఈ కట్టు తెంపింది ప్లేబ్యాక్. 1943లో 'భాగ్యలక్ష్మి'లో కమలా కోట్నిస్‌కి రావు బాలసరస్వతీదేవి పాడారు, తెలుగులో ప్లేబ్యాక్ అక్కడి నుంచే లెక్క. ఆ తర్వాత పాడటం రాకపోయినా హీరో కావచ్చు. అందం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయింది. స్టేజీ గాయక నటులకి సినిమాలో గిరాకీ తగ్గడం కూడా అక్కడే మొదలైంది. నాగయ్య గారూ భానుమతి గారూ లాంటి కొద్దిమంది మాత్రం తమ పాట తామే పాడుకున్నారు.

ప్రశ్న: మా తాతగారు ఒకే ఏడు ఇద్దరు ద్రౌపదులు పోటీ పడ్డారని చెప్పేవారు. ఏంటా కథ?
– గృహిణి, ఆదోని

జవాబు: 1936. ఒకటి 'ద్రౌపదీ వస్త్రాపహరణం', ఇంకోటి 'ద్రౌపదీ మానసంరక్షణం'. మొదటిదాంట్లో కన్నాంబ ద్రౌపది, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు. రెండోదాంట్లో సురభి కమలాబాయి ద్రౌపది, బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. ఈ పేర్లు చూడండి, అటూ ఇటూ ఉన్నది నాటకరంగమే. రెండు నాటక సమాజాలు పక్కపక్క ఊళ్లలో డేరాలు వేసి పోటీ పడ్డట్టు సినిమా హాళ్లలో పడ్డాయి. గెలిచింది కన్నాంబ సినిమా.

రాఘవ గారు అంతటి నటుడు, 1928లో లండన్ వెళ్లి బెర్నార్డ్ షాని కలిసి వచ్చిన మనిషి, గొంతు చించుకోకుండా ఒక్క చూపుతో సభని నిలబెడతాడని పేరున్న మనిషి, సినిమాల్లో మాత్రం మూడు నాలుగు వేషాలకి మించి వేయలేదు. మీ తాతగారు ఆయన్ని స్టేజీ మీద చూసి ఉంటే ఆ అనుభవం గురించి చెప్పిన మాటలు ఎవరైనా రాసిపెట్టారేమో కనుక్కోండి. మీ ఆదోనికి బళ్ళారి ఎంత దూరమని.

ప్రశ్న: సురభి నాటకాల్లో ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేసేవారట, నిజమా? వాళ్ల ట్రిక్కులే 'మాయాబజార్' సినిమాలోకి వచ్చాయా?
– చిన్న వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: మీరు మీ జిల్లా సంగతే అడిగారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైంది వాళ్ల ప్రయాణం. వనారస గోవిందరావు గారు దాన్ని కుటుంబాల నాటక సమాజంగా పెంచారు. ఇంటిల్లిపాదీ నటులే కాబట్టి ఆడవేషం కోసం మగపిల్లవాడికి చీర కట్టాల్సిన పని వాళ్లకి పడలేదు, కూతుళ్లూ కోడళ్లూ ఉన్నారు. మిగతా ప్రపంచం స్టేజీ ఎక్కిన ఆడదాన్ని వేలెత్తి చూపిస్తున్న రోజుల్లో, అత్తగారు మేకప్ వేస్తే కోడలు శశిరేఖ అయ్యేది. తొలి టాకీ కథానాయిక సురభి నుంచే వచ్చింది అంటే కారణం ఇదే. వాళ్ల సమాజాలు ఒక దశలో ముప్ఫై దాటాయి, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సినిమా సంగతికొస్తే, శశిరేఖ పెళ్లి కథ మూకీల రోజుల ముందు నుంచీ నాటకాల్లో ఉన్నదే. "వివాహ భోజనంబు" అనే పల్లవి కూడా 1957 సినిమా కంటే ముందే సురభి స్టేజీ మీద మోగింది. సినిమా వాళ్లు దాన్ని తీసుకుని కొత్త చరణాలతో, ఎస్వీ రంగారావు గారి ఆ నవ్వుతో మనకి శాశ్వతంగా ఇచ్చేశారు. ట్రిక్కులు మాత్రం ఎవరివి వాళ్లవే. మార్కస్ బార్ట్‌లీ గారు కెమెరాతో చేసిన మాయ వేరు, సురభి వాళ్లు తాళ్లతో చేసే మాయ వేరు.

ఆ తాళ్ల సంగతి నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట వాళ్లని బతిమాలి ఒక రాత్రి పక్క వింగులో స్టూలు మీద కూర్చున్నాను. ముందు కూర్చున్నవాళ్లకి రెండు బాణాలు ఆకాశంలో గుద్దుకుని నిప్పులు రాలుతున్నాయి. నా వైపు నుంచి చూస్తే, స్టేజీకి అడ్డంగా సన్నటి తీగ, దాని మీద జారే బాణం, ఈ చివర లుంగీ పైకి కట్టుకున్న ఒక పెద్దాయన, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, హార్మోనియం ఎక్కడ ఆగుతుందా అని చెవి అటు పారేసి నిలబడ్డాడు. పాట ఆగింది, తాడు లాగాడు. ఆయన స్టేజీ వైపు చూడనే లేదు. అయిపోగానే అదే మనిషి గబగబా కిరీటం పెట్టుకుని తర్వాతి సీన్లోకి నడిచి వెళ్లాడు! వెనక ట్రంకుపెట్టె పక్కన చాప మీద ఒక పసిపాప నిద్రపోతోంది, వాళ్లమ్మ కాసేపటి కిందటి శశిరేఖ. నేను ఎన్ని గ్రాఫిక్స్ సినిమాలు చూశానో లెక్కలేదు గానీ, ఆ తాడు లాగిన క్షణం మాత్రం మర్చిపోలేను.

ప్రశ్న: అక్కినేని, ఎన్టీఆర్ కూడా ఆడవేషాలు వేశారంటే మా పిల్లలు నమ్మడం లేదు.
– బ్యాంకు ఉద్యోగిని, గుడివాడ

జవాబు: గుడివాడలో ఉండి నమ్మకపోతే ఎలా అమ్మా! నాగేశ్వరరావు గారు మీ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవేషాలకి పేరు తెచ్చుకున్నాకే సినిమాల్లోకి వెళ్లారు. బెజవాడ రైల్వే స్టేషన్లో ఆయన్ని చూసి ఘంటసాల బలరామయ్య గారు 'శ్రీ సీతారామ జననం'లో రాముడి వేషం ఇచ్చారు, అది 1944లో వచ్చింది. ఎన్టీఆర్ గారిది ఇంకా సరదా కథ. బెజవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు 'రాచమల్లు దౌత్యం' నాటకం వేయిస్తూ నాగమ్మ వేషం ఇస్తే, మీసం తీయనని పట్టుబట్టి మీసంతోనే వేశారు. మీసాల నాగమ్మ అన్న పేరు అలా వచ్చింది.

కానీ ఆడవేషం అనగానే చెప్పుకోవాల్సింది స్థానం నరసింహారావు గారి గురించి. బాపట్లలో పుట్టి తెనాలి నాటక సమాజంలో వెలిగిన మనిషి. 'శ్రీకృష్ణ తులాభారం'లో ఆయన సత్యభామ. ఆ నాటకం ముత్తరాజు సుబ్బారావు గారిది గానీ, "మీరజాలగలడా" పాట స్థానం వారిదే. ఒకే పల్లవిని తిప్పి తిప్పి పాడేవారట, ఒకసారి గర్వం, ఒకసారి గారం, ఒకసారి చిన్న అనుమానం, చివరికి మొగుడి మీద పూర్తి అధికారం. చూసినవాళ్లు రాసిందే తప్ప మనకి ఆ అభినయం దొరకదు. 1966లో సినిమా తీసినప్పుడు ఆ పాట తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సుశీల గారు పాడారు, జమున గారు సత్యభామ. మీ పిల్లలకి ఆ పాట పెట్టి, ఇది ముందు ఒక మగాయన పాడి ఆడిన పాట అని చెప్పండి. జమున గారి ఆ మెడ తిప్పడంలో, ఆ పక్కచూపులో స్టేజీ సత్యభామ ఉందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

స్థానం వారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. సినిమా మాత్రం ఆయన్ని సత్యభామగా ఎందుకు చూపించలేదంటే, స్టేజీకీ ప్రేక్షకుడికీ మధ్య ఉండే ఆ ఇరవై ముప్ఫై అడుగుల దూరంలోనే ఆ విద్య బతికేది. క్లోజప్ వచ్చాక ఆ దూరం పోయింది. దేశంలో తొలి సినిమా అని మనం చెప్పుకునే 1913 నాటి 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి కూడా సాలుంకే అనే మగవాడే. అక్కడి నుంచి ఇరవై ఏళ్లు తిరక్కుండానే సినిమాలో ఆ వేషం ఆడవాళ్ల చేతికి వచ్చింది. రావాల్సిందే. కానీ దాంతో పాటు ఒక గొప్ప విద్య పోయింది, ఈ రెండూ నిజమే.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. పాత పౌరాణికం పెడితే మా అమ్మాయి పద్యం చివర ఆ సాగదీత ఏంటి, ఎప్పటికి అవుతుంది అంటుంది. నాకు సమాధానం చెప్పడం రాలేదు. ఆ రాగాలు ఘంటసాల గారు తెచ్చినవా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: తెచ్చింది ఆయన కాదు, తగ్గించింది ఆయన. మీ అమ్మాయి ఘంటసాలకే అలా అంటే అసలు స్టేజీ పద్యం వింటే ఏమంటుందో.

మైకులు లేని రోజుల్లో, వెయ్యి మంది కూర్చున్న పందిట్లో, చివర నిలబడ్డవాడికి కూడా మాట వినబడాలంటే గొంతు ఎత్తాలి. ఎత్తిన గొంతు కింద పడకుండా నిలబడాలంటే రాగం కావాలి. హార్మోనియం ఆయన ఒక మెట్టు పైకి లాగుతాడు, నటుడు ఇంకో మెట్టు లాగుతాడు, జనం వన్స్‌మోర్ అంటారు. పడకసీనులో అర్జునుడూ దుర్యోధనుడూ నిద్ర నటిస్తున్న కృష్ణుడి దగ్గరికి వచ్చే ఘట్టంలో ఒక్కో పద్యం వన్స్‌మోర్ల మీద నాలుగైదుసార్లు పాడిన రాత్రులున్నాయి, కథ ముందుకి పోకపోయినా ఎవరికీ పట్టలేదు. కాంట్రాక్టరు పేరున్న నటుల్ని పోగేసి ఆడించే కాంట్రాక్టు నాటకాలైతే మరీ. ఒక కృష్ణుడి గొంతు తెల్లారేదాకా నిలవదని, జనానికి ఇద్దరు ముగ్గురు స్టార్లనీ చూపించాలని, పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారం సీనుకి ఇంకో కృష్ణుడు. ఇదేంటని ఎవరూ అడిగేవారు కాదు, ఎందుకంటే వాళ్లు వచ్చింది పద్యం వినడానికి.

ఘంటసాల గారు చేసిందేంటంటే, మైకు దగ్గరగా ఉంది కాబట్టి అరవక్కర్లేదని గ్రహించారు. రాగాన్ని కుదించి, మాట మీద బరువు పెట్టారు. తిరుపతి వెంకట కవుల "జెండాపై కపిరాజు" పద్యాన్ని 'శ్రీకృష్ణావతారం'లో ఆయన పాడింది వినిపించండి, తర్వాత ఏదైనా పాత స్టేజీ రికార్డు వినిపించండి. మొదటిదాంట్లో ఒక మనిషి ఇంకో మనిషిని హెచ్చరిస్తున్నాడు. రెండోదాంట్లో ఊరంతటినీ లేపుతున్నాడు. ఈ తేడా చెబితే మీ అమ్మాయికి విసుగు రాదు, చూడండి.

ఇంకో పద్యం సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటిసీనులో నటులు పాడే "ఇచ్చోటనే" పద్యం ఆయనది కాదు, గుర్రం జాషువా గారిది, 'శ్మశానవాటి' అనే ఖండికలోది. నటులే దాన్ని తెచ్చి నాటకంలో పెట్టారు, జనం గుండెల్లో పెట్టుకున్నారు. అంటరానితనం అనుభవించిన కవి రాసిన మాటలు, చావు ముందు అందరూ ఒకటే అని చెప్పే మాటలు, కాటికాపరి వేషంలో ఉన్న రాజు నోట, ఆ కవిని పక్కన కూర్చోనివ్వని ఊళ్లలో కూడా తెల్లవార్లూ మోగాయి. వన్స్‌మోర్ అన్నవాళ్లలో ఎంతమందికి ఆ పద్యం ఎవరిదో తెలుసు?

ప్రశ్న: 'చింతామణి' స్టేజీ మీద అంత ఆడింది కదా, అంత పెద్ద స్టార్లతో తీసిన సినిమా ఎందుకు ఆడలేదు?
– మెడికల్ షాపు యజమాని, తణుకు

జవాబు: 1956 సినిమా గురించే కదా, భానుమతి గారు, ఎన్టీఆర్ గారు ఉన్నది. నా అభిప్రాయం చెబుతాను. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యాలోలత్వం కొంపలు ఎలా కూలుస్తుందో చెప్పడానికి ఆ నాటకం రాశారు. స్టేజీ మీద మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ సుబ్బిశెట్టి సీను పెరిగింది, నటుడు ఏ ఊరు వెళితే ఆ ఊరి మాటలు కలిపాడు, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి మీదా జోకు వేశాడు, రాత్రికో రకంగా ఆడింది. ఆ చనువు స్టేజీది. సినిమాలో ఒకసారి అన్న మాట తణుకులోనూ అదే, తాడిపత్రిలోనూ అదే. రాసిన నాటకం వేరు, జనం ఎగబడి చూసిన నాటకం వేరు, సినిమా మొదటిదాన్నే తీయగలదు.

ఆ పెరిగిన సీనే తర్వాత గొడవైంది. ఆర్యవైశ్యుల్ని కించపరుస్తోందన్న ఫిర్యాదుల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శననే నిషేధించింది. ఒక కులాన్ని ఎగతాళి చేసే మాటలు తీసేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. నాటకం మొత్తాన్నీ ఆపేయడం మాత్రం నాకు మింగుడుపడలేదు, కాళ్లకూరి వారు రాసిన ప్రతిని పట్టుకుని ఆడమని ఉండొచ్చు కదా. ఆయనదే 'వరవిక్రయం' 1939లో సినిమాగా వచ్చి బాగా ఆడింది. భానుమతి గారికి అదే మొదటి సినిమా. కట్నం కోసం పీడించే సింగరాజు లింగరాజు వేషం వేసింది ఎవరో తెలుసా? పైన చెప్పిన హరిశ్చంద్ర నాటకకర్త బలిజేపల్లి గారే.

ప్రశ్న: నేను కృష్ణానగర్‌లో రూము తీసుకుని అవకాశాల కోసం తిరుగుతున్నాను. ఆరు నెలలైంది. నాటకం నేర్చుకుంటే లాభం ఉంటుందా, లేక రీల్స్ చేసుకోవడం మేలా? టెన్షన్‌గా ఉంది సార్.
– ఇరవై రెండేళ్ల కుర్రాడు

జవాబు: రీల్స్ మానేయమని చెప్పను, నువ్వున్నావని పదిమందికి తెలియడానికి అవి పనికొస్తాయి. కానీ నాటకం చెయ్యి. ఎందుకో చెబుతాను.

1978లో 'ప్రాణం ఖరీదు' వచ్చింది, చిరంజీవి గారిది విడుదలైన మొదటి సినిమా. అది సి.ఎస్. రావు గారి నాటకం. స్టేజీ మీద ఆ నాటకం ఆడుతున్న బ్యాంకు ఉద్యోగి కోట శ్రీనివాసరావు గారు ఆ సినిమాతోనే తెర మీదకి వచ్చారు. జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేస్తూ 'కన్యాశుల్కం'లో రామప్పపంతులు వేషం కట్టేవారు, తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. 'శంకరాభరణం' నాటికి ఆయన వయసు యాభై దాటింది. అంతకుముందు తరంలో కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నుంచి ఎస్వీఆర్, అంజలీదేవి వచ్చారు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి నుంచి గరికపాటి రాజారావు గారు వచ్చి 1953లో 'పుట్టిల్లు' తీస్తే, జమున గారికీ అల్లు రామలింగయ్య గారికీ అదే మొదటి సినిమా. వీళ్లలో చాలామంది సినిమా కోసం నాటకం చేయలేదు, ఆఫీసు అయ్యాక రిహార్సల్‌కి వెళ్లడం వాళ్ల బతుకులో ఒక భాగం.

నేర్పేదేంటి అంటే, ముఖ్యంగా వినడం. రీల్‌లో నీ డైలాగు నువ్వు చెప్పి కట్ చేస్తావు. స్టేజీ మీద ఎదుటివాడు రెండు నిమిషాలు మాట్లాడుతుంటే నువ్వు ఖాళీగా నిలబడి వినాలి, వింటున్నట్టు నటిస్తే మూడో వరసలో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. నేను కుర్రతనంలో ఒక పరిషత్తు పోటీలో చిన్న వేషం వేశాను, డైలాగులు మొత్తం పదకొండు. దర్శకుడు నెలరోజులు నా డైలాగుల జోలికే రాలేదు, మిగతావాళ్లు మాట్లాడేటప్పుడు నా చేతులు ఎక్కడ ఉంటున్నాయో అదే చూశాడు. కోట గారి సినిమాలు పెట్టుకుని ఆయన మాట్లాడని షాట్లు మాత్రం చూడు, నేను చెప్పేది అర్థమవుతుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, తెలుగు విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల కోర్సులున్నాయి. చదివే వీలు లేకపోతే, సాయంత్రం రిహార్సల్ జరిగే చోటికి వెళ్లి కుర్చీలు సర్దు, ప్రాంప్టింగ్ చెప్పు, ఎవరో ఒకరు జ్వరమొచ్చి రాని రోజు నీకు వేషం దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, ఎవరైనా నటన నేర్పుతామని ముందే లక్షలు కట్టమంటే కట్టకు. రూము అద్దెకీ అన్నానికీ సరిపడా ఏదో ఒక పని చూసుకో, ఆకలితో రిహార్సల్ చేయలేవు.

ప్రశ్న: పిల్లల్ని మొదటిసారి సురభి నాటకానికి తీసుకెళ్తున్నాం. ఏ వరసలో కూర్చుంటే బాగుంటుంది?
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: ట్రిక్కులు బాగా కనబడాలంటే మధ్యలో, నాలుగైదు వరసల వెనక. మరీ ముందు కూర్చుంటే తీగలు కనబడిపోతాయి, పిల్లలు బాణం బదులు తీగనే చూస్తారు. అయితే ఇంటర్వెల్ తర్వాత ఒక పావుగంట హార్మోనియం ఉన్న పక్కకి మార్చండి. ఆయన వాయించేటప్పుడు పెట్టె వైపు చూడడు, నటుడి మొహం వైపు చూస్తుంటాడు, నటుడు ఊపిరి తీసుకోగానే శ్రుతి అందిస్తాడు. అది మీ పిల్లలకి వేలుపెట్టి చూపించండి. అన్నట్టు, పంకాలు సరిగ్గా తిరగకపోవచ్చు, మంచినీళ్ల సీసా పట్టుకెళ్లండి.